నా ఎత్తు బెల్లం

మా ఇంట్లో ఒకే కాలంలో రెండు తాకట్లు నడిచాయి. ఒకటి జనగామ సేటు దగ్గర నా భార్య నానుతాడు. రెండోది మేడారం తల్లుల దగ్గర నేను. నానుతాడును పెట్టింది నేను, నన్ను పెట్టింది మా అమ్మ. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళం ఇంటిని నిలబెడుతున్నామనే ఇద్దరమూ అనుకున్నాం. రెండింటినీ విడిపించింది మాత్రం నా భార్య. ఆమె గొప్ప చెప్పుకునే రకం కాదు కనుక ఆ పని నేను చేస్తున్నాను.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో బస్సు కండక్టర్ని. పట్టణం చివర చిన్న జాగా కొని రెండు గదులు లేపాం. జీతం మీద తీసుకున్న లోను గోడల దాకా వచ్చి అలిసిపోయింది. పైకప్పుకు రేకులు చాలని మొదట అన్నది నేనే. మేస్త్రీ నన్ను "సార్" అని పిలిచి, "మీలాంటోళ్ళు గుడ రేకులేస్తె ఎట్ల సార్?" అన్నాక స్లాబు వేద్దామన్నదీ నేనే. బస్సులో ఎంత అరిచినా నన్ను సార్ అన్నవాడు లేడు. ఆ ఒక్క పిలుపు ఖరీదు నాలుగు తులాలు.

ఆ నాలుగు తులాలే నానుతాడు. తాడులా పేనిన బంగారు గొలుసు. మా అత్తగారు బచ్చన్నపేటలో, వాన పడితేనే పండే చేనులో పత్తి ఏరి, ఏడాదికింత కూడబెట్టి కూతురి మెడలో వేసింది. దాన్ని మానుకోటలోనే, అంటే మా మహబూబాబాద్‌లోనే, కుదువ పెట్టవచ్చు. కానీ కండక్టరుకు ఒక కష్టం ఉంది, ఊరంతా ముఖం తెలుసు. ఏ సేటు దుకాణం మెట్లెక్కినా కింద ఎవరో ఒకరు "ఏందన్నా, గిక్కడ స్టాపున్నదా?" అంటారు. అందుకని జనగామ పోయి పెట్టాను. జనగామ మా అత్తగారి ఊరికి పక్కనే అన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు.

మా దగ్గర వడ్డీని మిత్తి అంటాం. నిఘంటువులో ఆ మాటకు మృత్యువు అని కూడా అర్థం ఉందని చాలాకాలం తర్వాత తెలిసింది. పెద్దగా ఆశ్చర్యపోలేదు. మా కాగితంలో ఏడాదికోసారి, దీపావళి లోపల, ఆ ఏటి మిత్తంతా కట్టాలని రాసి ఉంది. కడితే కాగితం తిరగరాస్తారు. కట్టకపోతే బంగారాన్ని కరిగిస్తారు.

స్లాబు పడిన చలికాలంలోనే ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చింది, వచ్చినంత వేగంగా వెనక్కి పోయింది. ఊరూరా శిబిరాలు లేచాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు అడిగేది "తెలంగాణ వస్తదంటవా?" అని. మా అమ్మ మాత్రం నన్ను, "కోడలి బంగారం వస్తదంటవా?" అని అడిగేది. రాష్ట్రం ఢిల్లీలో ఉంది, నానుతాడు జనగామలో ఉంది. రెండింటికీ నేను చెప్పే జవాబు ఒకటే, "వస్తదవ్వా." ఎప్పుడని అడిగితే డ్యూటీ ఉందని లేచేవాణ్ణి.

రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర ఆ ఏడే. జాతరకు వేసే స్పెషల్ బస్సులలో నాకు ప్రతిసారీ డ్యూటీ పడేది. లక్షల మందిని అక్కడి దాకా తీసుకుపోయి దింపినవాణ్ణే, తల్లులు కొలువుండే గద్దెల దగ్గరికి మాత్రం నేను ఒక్కసారీ పోలేదు. దిగినవాళ్ళను లెక్కపెట్టుకుని ఎక్కేవాళ్ళ కోసం అరవడంతోనే నా జాతర ముగిసేది. ఆసారి నా బస్సులోనే అమ్మ వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"అవ్వా, ఏం మొక్కినవే?" అన్నాను.

"కోడలి బంగారం ఇంటికొస్తె నా కొడుకెత్తు బంగారం పెడుతనన్న."

మేడారంలో బెల్లాన్ని బంగారం అనే అంటారు. కోరుకున్నది జరిగితే మనిషిని త్రాసులో కూచోబెట్టి, ఆ ఎత్తు బెల్లం తెచ్చి గద్దెల మీద పెట్టాలి. తెలివైనవాళ్ళు మొక్కేటప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ పేరు చెబుతారు. మా ఇంట్లో చీపురుపుల్లలాంటి ఎనిమిదేళ్ళ పాప ఉంది.

"నా ఎత్తేందవ్వా? పాప ఎత్తని మొక్కరాదూ?"

"అప్పు జేసింది నువ్వా, పసిపిల్లనా?"

బస్సు బస్సంతా నవ్వింది. వెనక సీటులోంచి ఎవరో, "అన్నా, నీ ఎత్తంటె లారీ గావాలె, బస్సు సాలది," అన్నారు. 

ఇంటికి వచ్చాక అమ్మ తానే కోడలికి చెప్పింది. నా భార్య నన్ను తలనుంచి పాదాల దాకా చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

"ఎన్ని కిలోలున్నవు?"

"ఎనభై ఉంటనేమో."

"ఆ 'నేమో' ఎక్కడుంటది, పొట్టలనా?" అని, అత్త వైపు తిరిగింది. "మొక్కేది నువ్వు, పెరిగేది నీ కొడుకు, మోసేది నేను. మంచిగనే ఉన్నది అత్తమ్మా."

"నీ మెడ బోసిగుంటె నాకు బుక్క దిగుతలేదు బిడ్డా," అన్నది అమ్మ.

నా భార్య వెంటనే స్టూలెక్కింది. అటక మీంచి నా పాత తోలు సంచి దింపింది. 

పట్టీ తెగిందని నేను పడేసిన కండక్టరు సంచి అది. అందులో నోట్లకు, చిల్లరకు, టికెట్లకు వేరువేరు అరలు ఉంటాయి. ఆమె వాటికి కొత్త డ్యూటీలు వేసింది. పెద్ద అర మిత్తికి. దాని పక్కది బియ్యానికి, పప్పుకు. టికెట్ల అర పాప బడికి. బయటి జేబు దవాఖానకు. చిల్లర అర నాకు. ఇంట్లో నా స్థాయి ఏమిటో అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. జీతం రాగానే ముందు పెద్ద అర నిండేది, మిగిలింది మిగతా వాటికి. ఒక అర నుంచి ఇంకో అరకు బదులు లేదు.

"బియ్యం అరల లేకపోతె దవాఖాన జేబుల తీస్తె ఏమైతది? మన సంచే గద," అన్నాను ఒకసారి.

"ఒకదానికొకటి అప్పిచ్చుకుంటె, సంచి గుడ నీ తీర్గనే తయారైతది."

పొద్దంతా బస్సులో "టికెట్, టికెట్" అని అరిచేది నేను. ఇంట్లో ఆమె చెకింగ్. జేబులో పది రూపాయలు తక్కువైతే, "గిదెక్కడ దిగింది?" అనేది. కేసముద్రంలో మిర్చిబజ్జీల బండి దగ్గర దిగిందని ఒప్పుకునేవాణ్ణి. "మల్ల ఎక్కకుంట చూడు," అనేది.

అలాగని ఇల్లు ఎండిపోలేదు. అది ఆమె చేసిన అసలు గొప్ప. ఆదివారం పాప గిన్నెలో కోడిగుడ్డు తప్పలేదు. బతుకమ్మకు పాపకు కొత్త గౌను, అమ్మకు కొత్త చీర తప్పలేదు. మాకు బస్సు పాసు ఉండేది కాబట్టి విహారాలన్నీ పాసు తీసుకుపోయినంత దూరమే. కురవి వీరభద్రుడి జాతరకు పోయాం, గంగారం అడవి దారిలో మోదుగుపూలు చూడ్డానికి పోయాం, ఇంటి నుంచి కట్టుకుపోయిన పులిహోర తిని వచ్చాం. బయట చాయ్ కూడా ఆమె బడ్జెట్లో ఉండేది, ఒక్కటి, నలుగురికి. రుచి చూసే పని నాది.

మొదటి దీపావళికి మిత్తి కట్టేశాం. కొంత అసలు కూడా తగ్గించాం. రెండో ఏడు సకల జనుల సమ్మె వచ్చింది.

బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. మేం రోడ్డు మీదికి వచ్చాం, సంతోషంగానే వచ్చాం. డిపో ముందు టెంటు కింద కూచుని నినాదాలు ఇచ్చేవాళ్ళం. కండక్టరు గొంతుకు అలాంటి గిరాకీ మళ్ళీ రాలేదు. జీతం మాత్రం ఆగిపోయింది. అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి, పెద్ద అర తప్ప. దాన్ని ఆమె తాకనివ్వలేదు. దీపావళికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి, మిత్తికి ఇంకా మూడోవంతు తక్కువ ఉంది.

అప్పుడు రోడ్ల మీద వంటావార్పు జరిగేది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ అక్కడే వండి వడ్డించే నిరసన. మా మధ్యాహ్నపు భోజనాలు చాలా వరకు రోడ్డు మీదే అయ్యాయి. నా భార్య ఒట్టి చేతులతో ఎప్పుడూ రాలేదు. చింతకాయ తొక్కు ఒక సీసాలో పట్టుకొచ్చి, ఉల్లిపాయలు కోయడానికి కూచునేది. "ఊకనే తిని పోతె ఉద్యమం గాదు, దావతైతది," అనేది. 

ఒకరోజు ఆ పంక్తిలో ఉండగానే సేటు ఫోను వచ్చింది. అతని దుకాణం ముందు కూడా జై తెలంగాణ బోర్డు ఉంది.

"అన్నా, దీపావళి దగ్గరికొచ్చె. యాదికున్నదా?"

"సమ్మెల ఉన్నం సేటూ. బస్సులన్నీ బంద్."

"బస్సులు బందన్నా, మిత్తి బంద్ గాదు."

ఫోను పెట్టేశాక నేను అన్నం కలుపుతూ కూచున్నాను, ముద్ద నోటికి పోలేదు. నా భార్య చూసింది. 

"రేపు బచ్చన్నపేట పోతున్నం," అన్నది. "పత్తి తీసేటోళ్ళు దొర్కుతలేరంట. కిలోకింత ఇస్తున్నరంట."

"మీ అవ్వ మెడ జూస్తది గద."

"జూడనియ్యి. ఏరి కూడబెట్టుడు నేర్పింది ఆమెనే."

సగం దూరం ట్రాక్టర్ మీద, సగం దూరం షేర్ ఆటోలో వెళ్ళాం. పాపను, అమ్మను కూడా తీసుకుపోయాం. ఇంటి ముందు నీళ్ళు చల్లుతున్న మా అత్తగారు కూతురి మెడ వైపు ఒక్కసారి చూసింది. పసుపుతాడు, పుస్తెలు తప్ప ఏమీ లేవు. చెంబు కింద పెట్టి, "అన్నం వండుత, కాళ్ళు కడుక్కోండి," అని లోపలికి పోయింది. ఆ ఒక్క చూపుకు నేను ఆటో దిగిన చోటే నిలబడిపోయాను. ఆటోవాడు చిల్లర లేదని గొడవపెట్టుకున్నా బాగుండును అనిపించింది.

మరునాటి నుంచి పక్కవాళ్ళ చేన్లలో పత్తి ఏరాం. చూడ్డానికి అదొక పనిలా ఉండదు. పగిలిన కాయలోంచి తెల్లటి దూది లాగి ఒడిలో వేసుకోవడమే. కానీ ఎండిన కాయ అంచులు గోళ్ళ పక్కన గీస్తాయి. నడుము వంచితే లేవదు, లేస్తే వంగదు. నా భార్య రెండు చేతులతో రెండు సాళ్ళు ఏరుకుంటూ ముందుకు పోయేది. ఆమె చివరికి చేరి వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు నేను నడిమధ్యలో ఎదురయ్యేవాణ్ణి. "రైట్ రైట్," అని పక్క నుంచి దాటిపోయేది. 

సాయంత్రం చెట్టు కొమ్మకు కాంటా వేలాడదీసి ఎవరి మూట వాళ్ళకు తూచేవాళ్ళు. మొదటిరోజు ఆమెది నలభై కిలోలు, నాది పదకొండు. అందులో ఆకులూ తుక్కూ తీసేయమన్నారు. తీస్తే తొమ్మిది.

"అల్లుడు ఏరిన పత్తి కన్న ఆకే మంచిగున్నది," అన్నది ఒక ముసలామె. "జీతం మేకకు ఇయ్యాలె."

నాలుగోరోజు కూలీలందరూ పట్టుబట్టి నన్ను కూడా తూచారు. మొక్కు సంగతి అమ్మ చేనంతా చెప్పేసింది మరి. పత్తి మూటకు వేసే తాళ్ళతో పీట కట్టి, కాంటాకు వేలాడదీశారు. కాళ్ళు నేలకు తగలకుండా ముడుచుకుని కొమ్మ కింద ఊగుతూ ఉన్నాను. డెబ్భై ఆరు. రోడ్డు మీది భోజనం, చేనులోని ఎండ కలిసి కొంత కరిగించాయి.

"సమ్మె ఇంకో రెండు నెల్లు నడువనియ్యిండ్రి," అన్నది నా భార్య, మూట ముడి వేస్తూ. "మొక్కు అల్కగైతది."

పాప నవ్వి నవ్వి పత్తికుప్ప మీద పడిపోయింది. 

వెళ్ళే ముందురోజు సాయంత్రం మా అత్తగారు కొంగున కట్టిన నోట్లు విప్పి కూతురి ముందు పెట్టింది. 

"గివి తీస్కపో బిడ్డా. నా పత్తి పైసలే."

"వద్దవ్వా. కూలికొచ్చినం, కూలి దొర్కింది."

"నేనేమన్న పరాయిదాన్నా?"

"నువ్వు ఒకసారి కొన్నవు. రెండోసారి గుడ నువ్వే కొంటవా? ఇగ నేను కొనుక్కోవద్దా?"

మా అత్తగారు నోట్లు తిరిగి కట్టుకుంది. నా వైపు చూసి, "నీ పెండ్లాం మొండిదయ్యా," అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉంటుందని చెవులు రిక్కించాను. గర్వం తప్ప ఏమీ వినపడలేదు.

జనగామలో సేటు మా పైసలు లెక్కపెట్టుకున్నాడు. దీపావళికి ఇంకా రెండు రోజులు ఉన్నాయి. నా భార్య గోడ మీది బోర్డు చూసింది.

"జై తెలంగాణ అని పెట్టుకున్నవు గద సేటూ. సమ్మెలున్నోళ్ళకు ఒక్క నెల మిత్తి ఇడిసిపెట్టరాదూ?"

"బోర్డు గోడ మీదున్నదమ్మా, మిత్తి కాయితం మీదున్నది," అన్నాడు సేటు. కాని మా ముగ్గురు పెద్దవాళ్ళకూ చాయ్ తెప్పించాడు, మూడు. నలుగురికి ఒక చాయ్ అలవాటైన మాకు మనిషికొక గ్లాసు పట్టుకోవడం కొత్తగా ఉంది. కాగితం తిరగరాసి ఇస్తూ, "ఇట్ల పత్తి ఏరి కట్టినోళ్ళను నేను జూడలే," అన్నాడు. మేం చెప్పలేదు. మా వేళ్ళు చెప్పి ఉంటాయి.

ఆ తర్వాతి మాఘంలో మేడారం జాతర వచ్చింది. నాకు డ్యూటీ పడింది. బంగారం ఇంకా జనగామలోనే ఉంది కనుక మొక్కు చెల్లించే లెక్క లేదు. అమ్మ ఇంటి దగ్గరి నుంచే ఆ దిక్కుకు దండం పెట్టి, "తల్లీ, ఇంకో రెండేండ్లు సైసు," అన్నది. నా భార్య మాత్రం ఆ రోజే సంచిలో కొత్త అర తెరిచింది. నా చిల్లర అరను రెండుగా కుట్టి, సగం జాతరకు ఇచ్చింది.

"వచ్చే జాతర్ల మొక్కు చెల్లిస్తున్నం. బంగారం ఇంటికి రావాలె, బెల్లం మేడారం పోవాలె. రెండూ ఒక్కసారే అంటె మీద పడ్తది. బెల్లం నెలకిన్ని కిలోలు ఇప్పటి సందే కొంట."

ఆలోచన గొప్పది. బెల్లం కుండల్లో పెట్టి, మూతికి బట్ట కట్టి, చీమలు రాకుండా నీళ్ళ పళ్ళేలలో నిలబెట్టింది. స్లాబు కింద ఏం దాచుకోవాలో తెలియని మాకు కుండల వరుస నిండుగా కనిపించేది. మా పొరపాటల్లా మేం ఉన్నది ఏ ప్రాంతంలోనో మరిచిపోవడం. బెల్లం పులియబెట్టి గుడుంబా అనే నాటుసారా కాచడం మా వైపు చాలా ఊళ్ళల్లో రహస్య వ్యాపారం. శ్రావణంలో, ఏ పండుగా లేకుండా, ప్రతి నెలా కిలోల కొద్దీ బెల్లం కొనే మనిషి గురించి అందరికీ తోచేది ఒకటే.

ఒక మధ్యాహ్నం ఎక్సైజ్ కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను డ్యూటీ దిగి వచ్చి, బనీను మీద అన్నం తింటున్నాను.

"కుండలేందన్నా గవి?"

"బెల్లం," అన్నాను. అబద్ధం చెప్పేంత తెలివి ఆకలి మీద ఉండదు.

"ఏ మాల్ కాస్తున్నవ్? ఒక్కనివేనా, ఇంకెవలన్న ఉన్నరా?"

కండక్టరుగా నేను ఎందరినో టికెట్ లేదేమని నిలదీశాను. నిలదీస్తే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. అతను లోపలికి వచ్చి ఒక కుండ మూతి విప్పబోయాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చింది.

"ఓ బిడ్డా! చెప్పులిడిసి ముట్టు. గది తల్లి బంగారం."

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మేడారం మొక్కా అవ్వా?"

"నా కొడుకెత్తు. వచ్చే జాతరకు."

"ఇంక ఏడాదిన్నర ఉన్నది గదనే!"

"ఒక్కసారే కొన చేతగాక నెలకిన్ని కొంటున్నం అన్నా," అన్నది నా భార్య. "ఉద్దెర దెచ్చి మొక్కు దీర్చద్దు గద."

అతను గుమ్మం దాకా పోయి చెప్పులు విడిచి వచ్చాడు. కుండల వరుసకు దండం పెట్టాడు. తరువాత కుండలను, నన్ను, మళ్ళీ కుండలను చూశాడు. 

"వదినా, ఇంకా శాన గొనాలె," అన్నాడు. 

పోయేటప్పుడు మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆ రోజు నుంచి ఎక్కడ కనపడినా, "అన్నా, ఎంత దాంక వచ్చినవ్?" అని అడిగేవాడు. నడుము దాకా అని ఒకసారి, ఛాతీ దాకా అని ఒకసారి చెప్పేవాణ్ణి. మొక్కు తీరేటట్టు కనపడుతోందని నాకే ధైర్యం వచ్చేది.

జీతం మీది లోను తీరిపోయింది. ఆ కోత ఆగిన నెల నుంచి ఆ మొత్తమంతా పెద్ద అరలోకి పోయింది. భూపాలపల్లి వైపు డబుల్ డ్యూటీలు అడిగి చేశాను. బొగ్గుబాయి కార్మికులు జీతాల రోజున పెద్ద నోట్లు ఇచ్చి చిల్లర కోసం తగాదా పెట్టుకునేవాళ్ళు. వాళ్ళతో వాదిస్తూ వాదిస్తూ బజ్జీల బండ్లన్నీ దాటిపోయేవాణ్ణి. ఆదా ఎలా అయితేనేం. రెండేళ్ళపాటు మా ఇంట్లో ప్రతి రూపాయికీ పేరుంది, ఊరుంది, దిగే స్టాపు ఉంది. 

జాతరకు ముందటి చలికాలం నా భార్య, నేను జనగామ పోయాం. సేటు ఇనుప బీరువాలోంచి చిన్న గుడ్డమూట తీశాడు. అరచేతిలో పట్టేంత త్రాసులో నానుతాడు తూచాడు.

"పెట్టినప్పుడెంతనో ఇప్పుడంతనే. చూస్కో అమ్మా."

నాలుగేళ్ళలో పాప నా నడుము నుంచి భుజం దాకా పెరిగింది, అమ్మ జుట్టు తెల్లబడింది, నేను తగ్గి పెరిగి తగ్గాను. మారనిది అదొక్కటే. నా భార్య దుకాణంలో పెట్టుకోలేదు. బయటికి వచ్చి, బస్టాండులో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పైట సర్దుకుని వేసుకుంది. తరువాత మానుకోట బస్సు వైపు పోతున్న నన్ను ఆపింది.

"బచ్చన్నపేట బస్సెక్కు."

మా అత్తగారు ఆ రోజు కూడా వాకిట్లోనే ఉంది. చూసింది. దగ్గరికి వచ్చి, గొలుసు మెలికపడిన చోట వేలితో సరిచేసింది. "అన్నం వండుత, కాళ్ళు కడుక్కోండి," అన్నది. అదే మాట. ఈసారి నేను ఆమె కంటే ముందే లోపలికి పోయాను.

ఇక మిగిలింది నేను. 

జాతరకు వారం ముందు కుండలన్నీ ఆటోలో వేసుకుని బెల్లం దుకాణానికి పోయాం. నెలనెలా కొన్నది అక్కడే కనుక దుకాణదారు పెద్ద త్రాసు ఊరికే ఇచ్చాడు. దూలానికి వేలాడే రెండు పళ్ళేలు. ఒకదాంట్లో నన్ను బాసింపట్టు వేయించి కూచోబెట్టారు. బజారులో పోయేవాళ్ళు నిలబడ్డారు. కానిస్టేబుల్ కూడా వచ్చాడు, ఈసారి చెప్పులు ముందే విడిచాడు. 

అసలు భయం అప్పుడు మొదలైంది. బెల్లం తక్కువైతే? కొనడానికి సంచిలో ఏమీ మిగల్లేదు. ఉద్దెర తేవడం అమ్మ ఒప్పుకోదు. అప్పు తీరినందుకు చెల్లించే మొక్కును అప్పు చేసి చెల్లిస్తే, నాలుగేళ్ళ కష్టం మళ్ళీ మొదటి స్టాపుకు వస్తుంది. ఊపిరి లోపలికి పీల్చి పట్టుకున్నాను. దానివల్ల బరువు తగ్గదని తెలుసు. 

నా భార్య ఒక్కొక్క ముద్దా రెండో పళ్ళెంలో పేరుస్తోంది. సగం కుండలు అయ్యాయి, పళ్ళెం కదల్లేదు. జనం నవ్వు మొదలైంది. ఇంకో రెండు కుండలు, నా పళ్ళెం కొంచెం ఊగింది. చివరి కుండ పూర్తిగా ఖాళీ కాకముందే నేను గాలిలోకి లేచాను. అందులో మిగిలిన ముద్దలు కూడా పెట్టేసరికి మనుషుల భుజాల ఎత్తుకు వచ్చాను.

"గిదేందే?" అన్నాను పైనుంచి.

నా భార్య కూడా ఆశ్చర్యపోయి చూస్తోంది. తరువాత నెమ్మదిగా నవ్వింది.

"పత్తి కాంటా మీద డెబ్భై ఆరున్నవు. ఏడాదికి ఐదు కిలోలు పెరుగుతవని కలుపుకుంట వచ్చిన."

ఆమె బడ్జెట్ చేత నేను పెరగలేదు. ఆ బడ్జెట్‌లోనే నేను పెరుగుతానని కూడా ఆమె బడ్జెట్ వేసింది. నా బరువు మీద నాకన్నా ఎక్కువ నమ్మకం పెట్టుకున్న మనిషి ఆమె.

"పైన రెండు ముద్దలు తీసెయ్యిండ్రి, సమానమైతది," అన్నాడు దుకాణదారు.

"తల్లి తూకంల పెట్టింది మల్ల తీసుడా!" అన్నది అమ్మ. "వద్దు."

"అయితె అన్న చేతికేమన్న ఇయ్యిండ్రి," అన్నాడు కానిస్టేబుల్.

నా భార్య భుజానికి ఉన్న తోలు సంచి తీసి నా ఒడిలో పెట్టింది. పళ్ళెం ఇసుమంత కూడా దిగలేదు. అరలన్నీ వట్టివి.

"అప్పు తీరిన సంచి," అన్నది ఆమె. "బరువెక్కడ ఉంటది?"

జనం అమ్మ వైపు చూశారు. అమ్మ మేడారం దిక్కుకు చేతులు జోడించింది.

"ఎక్కువనే పోనియ్యిండ్రి. మేం తల్లికి బాకీ ఉండుడు గాదు, తల్లే మాకు జరంత బాకీ ఉండనీ."

మా ఇంటికి ఒకరు బాకీ పడడం అదే మొదటిసారి.

మేడారానికి ఈసారి సెలవు పెట్టి, ప్రయాణికుణ్ణయి పోయాను. జాతర బస్సులో పాసు చెల్లదు కనుక, మొన్న వచ్చిన జీతంలోంచి నలుగురికీ టికెట్లు తీసుకున్నాం. కండక్టరు తోటి ఉద్యోగే, ముసిముసిగా నవ్వుతూ, "గీ బెల్లానికి గుడ లగేజీ కొట్టాల్నా అన్నా?" అన్నాడు. 

"కొట్టు," అన్నది నా భార్య, సంచి తెరుస్తూ. "దానికొక అర ఉన్నది."